అలియాబాద్ రోడ్డు మీద మా ఆవిడ డ్యూటీ

ఆ ఏడాది ఏప్రిల్‌లో నేను సెలవు పెట్టి వచ్చింది ఇల్లు ఖాళీ చెయ్యడానికి.

నేను సైన్యంలో హవల్దారుని. అంతకు ముందు మూడేళ్ళు మంచు కొండల్లో పనిచేశాను. అక్కడికి భార్యాపిల్లల్ని తీసుకువెళ్ళే వీలుండదు. అందుకని మా ఆవిడనీ, మా అమ్మాయినీ హైదరాబాద్ శివార్లలో శామీర్‌పేట దాటాక అలియాబాద్‌లో ఒక అద్దె ఇంట్లో ఉంచి వెళ్ళాను. మాది శ్రీకాకుళం జిల్లా. అలియాబాద్‌లో మాకు చుట్టాలు లేరు. ఎప్పుడో నేను సికింద్రాబాద్‌లో పనిచేసినప్పుడు తెలిసినవాళ్ళ ద్వారా ఆ ఇల్లు దొరికింది, అంతే.

మా ఆవిడ అప్పటికి నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. బస్సులో కండక్టరు చిల్లర ఇవ్వడం మరిచిపోయినా అడగలేక దిగిపోయే రకం. అందుకే వదిలి వెళ్తున్నప్పుడు ఇంటి యజమాని పెద్దాయన చేతులు పట్టుకుని, "కాస్త కనిపెట్టి ఉండండి. కొత్త చోటు, ఆవిడకి భయం ఎక్కువ" అని చెప్పాను.

"ఫికర్ జెయ్యకు. మా బిడ్డ లెక్కనే చూసుకుంటం" అన్నాడాయన.

ఆయన్ని ఊరంతా పటేల్ అంటారు. భూములున్న కుటుంబం. అందులో కొంత తూంకుంట వైపు లేఅవుట్లలో కలిసిపోయింది. సర్పంచిగా ఒకసారి పోటీ చేసి ఓడిపోయాడు. అయినా ఆ మర్యాద మాత్రం పోలేదు.

మూడేళ్ళ తర్వాత నాకు రాజస్థాన్‌లోని ఒక కంటోన్మెంటుకి పోస్టింగు వచ్చింది. అక్కడ క్వార్టరు ఇస్తారు, ముగ్గురం కలిసి ఉండవచ్చు. మా అమ్మాయి ఎనిమిదో తరగతి. పరీక్షలు అయిపోయాయి, బడి మూసే రోజున ఫలితాలు చెప్పి ప్రోగ్రెస్ కార్డులిస్తారు. అది అందుకుని, టీసీ తీసుకుని, మర్నాడు రైలెక్కాలి. టికెట్లు నా జేబులోనే ఉన్నాయి. పెళ్ళయిన పదిహేనేళ్ళలో మాకిది అయిదో ఇల్లు. సామాను కట్టడం, విప్పడం మాకు వంటొండుకున్నంత మామూలు.

ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం అయింది. మా అమ్మాయి గేటు తీసి, "నాయినొచ్చిండు!" అని లోపలికి అరిచింది.

ఆ 'నాయిన' నాకు కొత్త. వదిలి వెళ్ళినప్పుడు నన్ను 'నాన్నా' అనేది. మూడేళ్ళలో పొడుగైంది. మాటంతా ఆ ఊరి మాటైపోయింది. మధ్యలో బడి సెలవులు చూసుకుని నేను వచ్చినప్పుడల్లా వాళ్ళిద్దరూ శ్రీకాకుళంలో మా అమ్మ దగ్గరికి వచ్చేసేవారు. నేనూ నేరుగా అక్కడికే పోయేవాణ్ణి. అందుకని అలియాబాద్‌లో వాళ్ళెలా బతుకుతున్నారో నేను కళ్ళారా చూసింది లేదు. ఫోన్లో అడిగితే మా ఆవిడ, "బాగానే ఉన్నాం. మీరు జాగ్రత్త" అనేది. నేనూ అదే అనేవాణ్ణి.

మర్నాడు పొద్దున్నే ఏడుంపావుకి మా ఆవిడ చెప్పులు వేసుకుంటూ, "టీ కాచి మూతపెట్టాను. మీరు పడుకోండి. పిల్లతో వెళ్ళి అరగంటలో వస్తాను" అంది. ఒంటిపూట బడులు. ఎనిమిదింటికల్లా బడి. పిల్లని దింపి వస్తుంది కాబోలనుకున్నాను. పన్నెండున్నరకి పొయ్యి మీది కూర దించేసి మళ్ళీ వెళ్ళింది. ఎనిమిదో తరగతి పిల్లని రెండు పూటలా తీసుకెళ్ళి తీసుకురావడమేమిటని అనిపించింది గానీ, ఆడపిల్ల కదా అని ఊరుకున్నాను.

మూడోరోజు పొద్దున సామాను సర్దడానికి అట్టపెట్టెలు కావాల్సి వచ్చాయి. కరీంనగర్ రోడ్డు మీద దుకాణాలవాళ్ళు ఇస్తారని పటేల్ చెప్తే, నేనూ బయటికి వచ్చాను. క్రాసింగు దగ్గర టీ కొట్టు ఉంది. ఒక టీ చెప్పి నిలబడ్డాను.

ఆ రోడ్డు సంగతి అక్కడ నిలబడితే గానీ తెలియదు. రెండు వైపులా రెండేసి వరసలు, మధ్యలో డివైడరు. గ్రానైటు బండలు మోసుకుంటూ హైదరాబాద్ వైపు దిగే లారీలు, తుర్కపల్లి వైపు మందుల కంపెనీలకి పోయే బస్సులు, డ్యూటీకి ఆలస్యమైన బైకులు. ఎవరికీ ఆగే ఉద్దేశం ఉండదు. ఊరు ఇటు, బడి అటు.

ఇటు పక్కన అరవై డెబ్బై మంది పిల్లలు, ఇద్దరేసి చేతులు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. ఎవరూ తోసుకోవడం లేదు. వాళ్ళ ముందు ఒక ఆడమనిషి. చీర మీద మెరిసే పట్టీలున్న పసుప్పచ్చ జాకెట్టు, ఒక చేతిలో కర్రకి కట్టిన ఎర్ర గుడ్డ, నోట్లో విజిలు.

విజిలు మోగింది. పొడుగ్గా, ఒకటే. ఆ మనిషి కుడిచెయ్యి చాచి రోడ్డు మీదకి నడిచింది. పరుగెత్తలేదు, వెనక్కి చూడలేదు. లారీ ఒకటి బుస్సుమని బ్రేకు వేసి ఆగింది. దాని పక్కన బస్సు ఆగింది. పిల్లలు జతలు జతలుగా సగం రోడ్డు దాటి డివైడరు మీదకి చేరారు. అక్కడ ఒక పొడుగాటి పిల్ల చిన్నవాళ్ళని భుజాలు పట్టుకుని నిలబెడుతోంది. ఆ పిల్ల మా అమ్మాయి. రోడ్డు మీద ఉన్నది మా ఆవిడ.

నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

టీ కొట్టాయన నా ముఖం చూసి, "ఏంది సారు, కొత్తగ జూస్తున్నరా? గామె మిలట్రీ మేడమ్. గామె చెయ్యెత్తిందంటే కరీంనగర్ ఎక్స్‌ప్రెస్ గూడ ఆగాలె" అన్నాడు.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?" అన్నాను.

"రెండేండ్లు అయితాంది. వానల్లేదు, ఎండల్లేదు. ఒక్క పూట నాగా లేదు. మొగుడు బార్డర్ల ఉంటడంట. గాయన గక్కడ కాపలా, గీమె గిక్కడ."

"నేనే ఆయన్ని" అన్నాను.

ఆయన గబగబా పక్కనున్న స్టూలు తుడిచాడు. "అరె! ముందుగాల చెప్పొద్దా సార్! కూసోండ్రి, కూసోండ్రి." నా చేతిలో చల్లారిన టీ లాక్కుని ఇంకో టీ పోశాడు.

నేను కూర్చోలేదు. రెండో సగం రోడ్డు కూడా ఆపి, ఆఖరి జత బడి గేటులోకి పోయేదాకా చూశాను. మా ఆవిడ మెడలో ఉన్న విజిలు తాడు నాకు తెలుసు. అది నా పాత విజిలు. ట్రంకు పెట్టెలో అడుగున పడి ఉండేది.

ఆమె ఇటు పక్కకి తిరిగి వచ్చి, నన్ను చూసి, తప్పు చేస్తూ దొరికిపోయిన పిల్లలా ఆగింది. జాకెట్టు విప్పి మడతపెట్టుకుంటూ, "టీ తాగేసారా?" అంది.

అట్టపెట్టెల సంగతి మరిచి ఆమెతో ఇంటికి నడిచాను. గర్వంగా ఉందా, కోపంగా ఉందా నాకే తెలియలేదు. ఇంటికి వెళ్ళాక అన్నాను.

"రెండేళ్ళు. ఒక్క మాటైనా చెప్పలేదేటి?"

"చెప్తే ఏటి చేద్దురు? అంత మంచులో కూర్చుని, నా పెళ్ళాం లారీల ముందు నిలబడిందని నిద్ర మానేద్దురు."

"అయినా నాకు తెలియాలి కదా."

ఆమె బియ్యం ఏరుతున్న చాట కింద పెట్టింది. "మీరక్కడ ఏటి చేస్తున్నారో నాకెప్పుడైనా చెప్పారా? బాగానే ఉన్నాను అంటారు. నేనూ అదే అన్నాను."

నేను చాట నా వైపు లాక్కుని బియ్యం ఏరాను.

ఆ మధ్యాహ్నం, బడినుంచి పిల్లల్ని దాటించి వచ్చాక, అన్నాలు తింటూ ఎలా మొదలైందో చెప్పింది. రెండేళ్ళ కిందట బడులు తెరిచిన కొత్తలో, మూడో తరగతి పిల్ల ఒకతె రోడ్డు దాటుతుంటే బైకు గుద్దింది. కాలు విరిగింది. ఆ బైకువాడు ఆగనైనా ఆగలేదు. పిల్లని ఎత్తుకుని ఆటో ఎక్కించింది మా ఆవిడే. ఆ తర్వాత వారం రోజులు సగం మంది పిల్లలు బడికే రాలేదు. కొందరు తల్లిదండ్రులు చదువు మాన్పించే మాట కూడా అన్నారు. పెద్దరోడ్డు మీద స్పీడ్ బ్రేకరు వెయ్యకూడదట. పైవంతెన ఎప్పటికొస్తుందో ఎవరూ చెప్పలేరు.

"అందరూ ఎవరో ఒకరు నిలబడితే బాగుణ్ణు అన్నారు" అంది మా ఆవిడ. "నేనూ అన్నాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే, నాకు తప్ప అందరికీ పొద్దున్నే పనులున్నాయి. పొలాలకెళ్ళేవాళ్ళు, కంపెనీలకెళ్ళేవాళ్ళు. నేనొక్కర్తినే ఖాళీ. మొదటి రోజు మీ పాత విజిలు తీసుకెళ్ళాను. విజిలు ఊదితే గాలి వచ్చింది గానీ మోత రాలేదు."

"అమ్మ రోజూ బాత్‌రూంల నేర్చుకుంది నాయినా" అంది మా అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ. "నల్లా విప్పి ఊదేది, ఎవ్వలికి ఇనవడొద్దని."

బడి హెడ్‌మిస్ట్రెస్ ఆ పచ్చ జాకెట్టు తెప్పించి ఇచ్చారట. ఒకసారి ట్రాఫిక్ కానిస్టేబులు వచ్చి ఎలా నిలబడాలో, ఎంత దూరంలో చెయ్యెత్తాలో చూపించాడట. మిగిలినదంతా నిలబడి నిలబడి తనే నేర్చుకుంది.

అంతా చెప్పి, మంచినీళ్ళు తాగి, "ఇదిగో, ఒక మాట" అంది. "చార్జి అప్పగించకుండా నేను కదలను."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు.

"జూన్లో బడి తెరిస్తే ఎవరు నిలబడతారు? ఇప్పుడు పిల్లలు వస్తున్నప్పుడే కొత్తవాళ్ళకి నేర్పించాలి. బడి మూసేసాక ఎవరితో నేర్పిస్తాను? ఇంకా ఆరు రోజులుంది. ఇద్దరు కావాలి. రోడ్డు మీద ఒకరు, డివైడరు మీద ఒకరు."

నేను ఎన్నో చార్జీలు తీసుకున్నవాణ్ణి, అప్పగించినవాణ్ణి. స్టోరుకి, ఆయుధాలుండే కోతుకి, మెస్సుకి. పాతవాడు పోయేలోపు కొత్తవాడు పక్కన నిలబడి చూసి, చేసి, సంతకం పెడితేనే చార్జి. ఆ పద్ధతి ఆమెకి నేనెప్పుడూ చెప్పలేదు. పదిహేనేళ్ళు వింటూ ఉండి నేర్చుకుందేమో.

"నేను సాయం చెయ్యనా? రిక్రూట్లకి డ్రిల్లు నేర్పినవాణ్ణి" అన్నాను.

"వద్దు. ఇది నా డ్యూటీ. మీరు ట్రంకులకి రంగు వెయ్యండి."

మొదటి మనిషి తేలిగ్గానే దొరికింది. క్రాసింగు దగ్గరే గాజుల దుకాణం ఉంది. దాన్ని నడిపే ముస్లిం ఆమెని మా ఆవిడ 'ఆపా' అంటుంది. దుకాణం పదింటికి గానీ తియ్యరు. "నేన్ నిలవడ్త చెల్లె. నా దుకాణం ముందల్నే గద. పిల్లలు రోజు సలామ్ కొట్టి పోతరు, వాళ్ళకు గింత చెయ్యనా? కాని నా మోకాలు నొప్పి. రోడ్డు మీద జల్ది జల్ది నడువ రాదు. నడిమిట్ల నిలవడ్త, పిల్లల్ని పట్టుకుంట" అంది. అలా డివైడరు ఆమెది.

రోడ్డుకి పటేల్ కోడలు వస్తానంది. ఆమె కూతురు రెండో తరగతి, రోజూ ఆ వరసలోనే దాటుతుంది. డిగ్రీ చదివిన మనిషి, ధైర్యస్థురాలు. కానీ మామగారు ఒప్పుకోలేదు.

"మా కోడలు నడిరోడ్డు మీద నిలవడి సీటీ గొట్టుడేంది? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు పటేల్, వాకిట్లో కుర్చీలో కూర్చుని. "పైసలిచ్చి ఎవల్నన్న పెడదాం."

మా ఆవిడ వాదించలేదు. "అలాగే బాపూ. మనిషి దొరికేదాకా ఒక పూట మీరు నిలబడతారా? మీ మాటంటే అందరికీ గౌరవం కదా" అంది.

పటేల్‌కి అది నచ్చింది. "గీ దిక్కు నన్ను తెల్వనోడెవడు? నేను చెయ్యెత్తితే ఆగరా?" అన్నాడు.

మర్నాడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. నేనూ వెళ్ళాను, చూడకుండా ఎలా ఉంటాను? జాకెట్టు వేసుకోనన్నాడు. విజిలు అక్కర్లేదన్నాడు. పిల్లల్ని వెనక్కి నిలబెట్టి, మా ఆవిడ ఆయన పక్కనే రెండడుగుల దూరంలో నిలబడింది. పటేల్ రోడ్డు అంచున నిలబడి, సభలో ప్రజలకి అభివాదం చేస్తున్నట్టు చెయ్యెత్తాడు. గ్రానైటు లారీ చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టి పోయింది. రెండో లారీ పోయింది. బస్సు పోయింది. చివరికి ఒక కారు ఆయన ముందుకొచ్చి ఆగింది. పటేల్ మావైపు తిరిగి మీసం దువ్వాడు. కారు అద్దం దిగింది.

"పటేలా, మంచిగున్నవా? తూంకుంట దిక్కు ప్లాట్లు ఏమన్న ఉన్నయా?"

టీ కొట్టు దగ్గర నవ్వని మనిషి లేడు. పటేల్ ముందు ముఖం ముడిచి, తర్వాత తనే పగలబడి నవ్వాడు. మా ఆవిడ విజిలు ఊదింది. ఆ కారు వెనకున్న లారీ ఆగింది, పిల్లలు దాటారు.

ఇంటికొచ్చాక ఆయన భార్య, ఆ వీధిలో అందరికీ అవ్వ, కథంతా విని, "కోడలు నిలవడితె ఇజ్జత్ పోతదన్నవ్. ఇగ నీ ఇజ్జత్ ఏడున్నదో జర వోయి చూసుకో, రోడ్డు మీదనే పడి ఉండొచ్చు" అంది.

పటేల్ చేతులు జోడించాడు. "నాతోటి గాని పని బిడ్డా. కోడల్నే తోల్కపో. మంచిగ నేర్పియ్యి" అని మా ఆవిడతో అన్నాడు.

తర్వాతి నాలుగు రోజులూ నేను రెండు పూటలా టీ కొట్టు దగ్గరే ఉన్నాను. ట్రంకుల రంగు అలాగే ఉండిపోయింది. మొదటి రోజు కోడలు ఊరికే పక్కన నిలబడి చూసింది. రెండో రోజు విజిలు ఆమెకిచ్చి, మా ఆవిడ వెనక నిలబడింది. మూడో రోజు మా ఆవిడ పిల్లల వరసలోకి వెళ్ళిపోయింది. కోడలు మొదట్లో లారీ హారన్ కొడితే వెనక్కి అడుగు వేసేది.

"వెనక్కి వెయ్యకు. నువ్వు ఒక్కడుగు వెనక్కేస్తే వాడు ఆగక్కర్లేదనుకుంటాడు" అని చెప్పింది మా ఆవిడ. "వాడి కళ్ళలోకి చూడు. వాడు నిన్ను చూసాడని తెలిసాకే రోడ్డు మీదకి దిగు. చూడకపోతే దిగకు, వదిలేయ్. బడికి అయిదు నిమిషాలు ఆలస్యమైతే కొంప మునగదు."

ఇరవై ఏళ్ళు సైన్యంలో ఉన్నాను. నాకు నేర్పిన ఉస్తాదులు మంచివాళ్ళే గానీ, అరవకుండా ఇంత తేటగా నేర్పినవాళ్ళు తక్కువ. నా అనుభవం కూడా ఎక్కడో పనికొస్తుందని ఆశపడి, మూడో రోజు మా ఆవిడతో అన్నాను.

"కరీంనగర్ వైపు పోయే బళ్ళకి పొద్దున్న ఎండ కళ్ళల్లో పడుతుంది. డ్రైవర్లకి మీరు సరిగ్గా కనిపించరు. గమనించావా?"

"అవును. అందుకే ఆ సగంలో పదడుగులు ముందుకెళ్ళి చింతచెట్టు నీడలో నిలబడతాం" అంది. అని, నేను చిన్నబుచ్చుకుంటానేమోనని, "మీరు బాగా కనిపెట్టారు" అని కలిపింది.

నాలుగో రోజున మా ఆవిడ రోడ్డు దగ్గరికి వచ్చింది గానీ టీ కొట్టు దగ్గరే, నా పక్కనే ఆగింది. జాకెట్టు పటేల్ కోడలి మీద ఉంది. ఆపా డివైడరు మీద ఉంది, ఒక చేత్తో చిన్న పిల్లని పట్టుకుని. విజిలు మోగింది. లారీలు ఆగాయి. పిల్లలు దాటారు. నా పక్కన మా ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఏమిటా అని వింటే, జతలు లెక్కపెడుతోంది. ఆఖరి జత గేటు దాటాక గట్టిగా ఊపిరి వదిలి, కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో, మరొకటో నేను అడగలేదు.

బడి ఆఖరి రోజున తల్లిదండ్రుల్ని పిలిచారు. మా అమ్మాయి చదువులో నేను అలాంటి మీటింగుకి వెళ్ళడం అదే మొదటిసారి. ఏ గదో తెలియక వరండాలో తచ్చాడుతుంటే, మా అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. గౌడవెల్లి నుంచి బండి మీద వచ్చే వాళ్ళ క్లాసు టీచరు, "మీరు?" అని అడిగాడు. "మా నాయిన" అంది మా అమ్మాయి, కొంచెం గట్టిగానే. పక్క బెంచీలవాళ్ళకి కూడా వినపడాలని అన్నట్టుంది.

క్లాసులో రెండో స్థానం. తెలుగులో మొదటిది. ఉత్తరాదిలో పెరిగి, ఇక్కడికి వచ్చినప్పుడు ఒత్తులు కూడా రాయలేని పిల్ల. తెలుగు ఎక్కడ నేర్చుకున్నావంటే, సాయంత్రాలు అవ్వకి పేపరు చదివి వినిపించేదట. తప్పు చదివితే అవ్వ ఊరుకునేది కాదట. కార్డు మీద తల్లి లేదా తండ్రి సంతకం అన్నచోట అన్నీ మా ఆవిడ సంతకాలే. టీచరు పెన్ను నా వైపు చాచాడు. నేను పెన్ను మా ఆవిడకిచ్చాను. "మీరు పెట్టండి, మొదటిసారి వచ్చారు" అంది. చివరికి ఇద్దరం పెట్టాం, ఒకే గడిలో ఇరుకిరుగ్గా.

తర్వాత అందర్నీ ఆవరణలో కూర్చోబెట్టారు. హెడ్‌మిస్ట్రెస్ లేచి మా ఆవిడని ముందుకి పిలిచారు. శాలువా కప్పారు. రెండేళ్ళలో ఈ బడి పిల్లల్లో ఒక్కరికి కూడా రోడ్డు మీద గీత పడలేదని చెప్పారు. కాలు విరిగిన ఆ పిల్ల, ఇప్పుడు నాలుగో తరగతి, పరుగున వచ్చి పూలగుత్తి ఇచ్చింది. పరుగున రావడం చూసి మా ఆవిడ కళ్ళు నిండాయి. మైకు చేతికిచ్చి మాట్లాడమన్నారు.

కండక్టర్ని చిల్లర అడగలేని మనిషి మైకు పట్టుకుంది.

"నాకు మాట్లాడడం రాదు" అంది. "ఒక్కటి చెప్తాను. వానాకాలంలో లారీలకి బ్రేకు తొందరగా పడదు. అప్పుడు ఇంకొంచెం దూరంగా ఉండగానే ఆపాలి. పిల్లలు గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకోకూడదు. మీ పిల్లల్ని పావుగంట ముందే పంపండి. ఆలస్యమైతేనే పరిగెడతారు. పటేల్ గారి కోడలూ, ఆపా ఉంటారు. వాళ్ళ మాట వినమని పిల్లలకి చెప్పండి. నాకు జర దగ్గరివాళ్ళయ్యారు మీరంతా. అంతే."

ఆమె నోట ఆ ఊరి 'జర' విని జనం గొల్లుమన్నారు. తర్వాత చప్పట్లు మొదలయ్యాయి. నేను ఎప్పుడు లేచానో తెలియదు, పరేడ్‌లోలా నిటారుగా సావధాన్‌లో నిలబడి ఉన్నాను. మా అమ్మాయి నా మోచెయ్యి పొడిచింది.

"నాయినా, గట్ల నిలవడుడు కాదు, చప్పట్లు గొట్టు!"

కొట్టాను. అరచేతులు మండేదాకా కొట్టాను.

బయల్దేరే ముందు మా అమ్మాయి ఒక పని చేసింది. తన నోటుపుస్తకంలో రోడ్డు దాటించే పద్ధతి మొత్తం తెలుగులో రాసింది. ఎక్కడ నిలబడాలి, విజిలు ఎన్నిసార్లు, ఎండ ఎటు, చిన్నవాళ్ళు ఏ వరసలో, అన్నీ. కింద 'అప్పగించినవారు' అని వాళ్ళమ్మ సంతకం, 'తీసుకున్నవారు' అని పటేల్ కోడలు, ఆపాల సంతకాలు. ఆపా ఉర్దూలో పెట్టింది. సాక్షి అన్నచోట పటేల్ అడిగి మరీ పెట్టాడు. నాకు చోటు మిగల్లేదు. నేను పనిచేసిన యూనిట్లలో కూడా అంత శుభ్రమైన చార్జి కాగితం ఎక్కువ చూడలేదు.

ట్రంకుల రంగు ఆరకుండానే ఆటోలో ఎక్కించాం. రైల్లో మా అమ్మాయి చాలాసేపు కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. ఇల్లు మారిన ప్రతిసారీ ఏడుస్తుంది గానీ, ఈసారి వాళ్ళమ్మ కూడా ఊరడించలేదు. తనూ అటే చూస్తూ కూర్చుంది. నేను ఇద్దరికీ పల్లీలు కొనిచ్చాను. కొన్ని ఊళ్ళని వదిలేటప్పుడు ఏడవాలి.

జూన్లో తెలంగాణలో బడులు తెరిచిన రోజు పొద్దున్న మా ఆవిడ రాజస్థాన్ క్వార్టరులో ఫోను ముందు పెట్టుకుని కూర్చుంది. తొమ్మిది దాటింది. తొమ్మిదీ పది అయింది. "నువ్వే ఫోను చెయ్యొచ్చుగా?" అంటే, "రోడ్డు మీదుంటే ఫోను ఎత్తకూడదు" అంది. తర్వాత మోగింది. స్పీకరులో ఆపా గొంతు, వెనక హారన్లు.

"చెల్లె, పరేషాన్ కాకు. అందరు దాటిండ్రు. కొత్తగ ఒకటో తరగతి పిల్లలు పదకొండు మంది చేరిండ్రు, మస్తు అల్లరోల్లు. ఒకడు నా దుప్పట్ట వదుల్తలేడు. ఇగో, పటేల్ గూడ వచ్చిండు. రోడ్డు మీదికి కాదులే, టీ తాగనీకె!"

మా ఆవిడ నవ్వింది. చాలాసేపు మాట్లాడుకున్నారు. ఫోను పెట్టేసి, నా టిఫిను డబ్బా సర్ది, ఏమీ జరగనట్టు గిన్నెలు తోముకోవడానికి వెళ్ళింది.

ఆ రోజు యూనిట్లో టీ వేళకి నేను ఈ సంగతంతా చెప్పాను. పంజాబువాడు, బీహారువాడు, తమిళుడు, అందరూ విన్నారు. ఒకడు నమ్మలేదు. ఫోనులో ఫోటో చూపించాను. ఎర్ర గుడ్డ, పచ్చ జాకెట్టు, ఆగిన లారీ. పెద్దది చేసి చూసి, ఆ ఫోను పక్కవాడికిచ్చాడు. అప్పటినుంచి ఎక్కడికి వెళ్ళినా ఈ కథ చెప్తున్నాను. ఎందుకండీ ఊరూరా చెప్పుకోవడం అని మా ఆవిడ విసుక్కుంటుంది. నా సర్వీసులో నాకొచ్చిన పతకాల గురించి అడిగితే నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఈ సంగతి మాత్రం ఎవరూ అడగకపోయినా మొదటినుంచీ చెప్తాను.